బచ్‌పన్‌కి రిటర్న్ టికెట్ లేదు



గల్ఫ్‌లో మన తెలుగు ముసల్మాన్ల ఇళ్లకు వెళ్తే ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. అల్మారా మీద, మంచం కింద, బాల్కనీ మూలన అట్టపెట్టెలు. ఒకదాంట్లో కొత్త దుప్పట్లు, ఇంకోదాంట్లో డిన్నర్ సెట్టు, మరోదాంట్లో ఆడబిడ్డ షాదీ కోసం కొన్న మిక్సీ. ప్లాస్టిక్ తాడు కట్టేసి, పైన మార్కర్‌తో ఊరి పేరు కూడా రాసి ఉంటుంది. కిటికీకి మాత్రం కర్టెన్ ఉండదు, పాత చున్నీ వేలాడుతుంటుంది. "కర్టెన్ కైకు? రేపో మాపో వెళ్లిపోయేవాళ్లమే కదా" అంటారు. ఆ రేపో మాపో పదేళ్లయినా రాదు.

మా ఇల్లూ అట్లాగే ఉండేది. అందుకే ఈ మాట చెప్పే హక్ నాకుందనుకుంటున్నాను. పెళ్లాం పిల్లల్తో పరదేశం వెళ్లే మనవాళ్లు ఆ దేశాన్ని ప్లాట్‌ఫారంలా చూస్తున్నారు. సామాను మీద కూర్చుని రైలు కోసం చూసినట్టు ఏళ్లకేళ్లు గడిపేస్తున్నారు. పెద్దవాళ్లం మనం గడపగలం. పిల్లలు గడపలేరు. వాళ్లు ఆ ప్లాట్‌ఫారం మీదే పెరిగిపోతారు.

మేము 2014 అక్టోబరులో జెడ్డాలో దిగాం. మా ఆయన అప్పటికి రెండేళ్లుగా అక్కడే ఉన్నారు. ఫ్యామిలీ వీసా చేతికొచ్చేసరికి అంత టైం పట్టింది. మా బాబుకి నాలుగేళ్లు, పాపకి ఏడాదిన్నర. అజీజియ్యాలో మూడో అంతస్తు, రెండు గదులు. కింద బఖాలా, పక్క సందులో తమీస్ రొట్టెలు కాల్చే తందూర్, రోడ్డుకి అవతల మసీదు. ఇవన్నీ నడిచి వెళ్లేంత దగ్గర్లోనే ఉన్నాయి. నేను మాత్రం ఏడాదిన్నర పాటు వాటిని కిటికీలోంచే చూశాను.

ఎందుకంటే చెప్పడానికి చాలా సాకులున్నాయి. ఆయన పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి ఎనిమిదికి వచ్చేవారు. సెలవు జుమ్మా ఒక్కరోజే. నాకు అరబీ చదవడం వచ్చు కానీ మాట్లాడటం రాదు. ఖురాన్ చదివే నోటితో కూరగాయల ధర అడగలేకపోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో అక్కడున్న బెహన్లకి తెలుసు. అన్నిటికంటే పెద్ద సాకు డబ్బు. గుంటూరులో ఇల్లు కట్టాలి, మా ఆడబిడ్డ షాదీ చెయ్యాలి. ప్రతి రియాల్‌నీ పదహారుతో గుణించేదాన్ని. పిల్లలకి ఐస్‌క్రీం కొన్నా నా కళ్లకి రూపాయలే కనిపించేవి. జుమ్మా రోజు మధ్యాహ్నం బిర్యానీ, తర్వాత నిద్ర, సాయంత్రం ఇండియాకి ఫోన్లు, రాత్రికి వారం సరుకులు. దాన్నే "బయటికెళ్లొచ్చాం" అనుకునేవాళ్లం.

ఒకరోజు మా అమ్మీ ఫోన్‌లో బాబుని అడిగింది, "జెడ్డా ఎట్లుంది నాన్నా?" అని. వాడు కాసేపు ఆలోచించి, "లిఫ్ట్ ఉంది నానీ. ఏసీ ఉంది. ఇంకా తెలీదు" అన్నాడు.

అమ్మీ నవ్వింది, నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వు పోయింది. ఏడాదిన్నర ఒక ఊళ్లో ఉన్న పిల్లాడికి ఆ ఊరి గురించి తెలిసింది రెండే రెండు, లిఫ్టూ ఏసీ. గుంటూరులో అదే వయసులో వాడి మామూకి ఆనందపేట సందులన్నీ తెలుసు. ఏ ఇంట్లో జామచెట్టుందో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో కూడా తెలుసు. మావాడికి కింది ఫ్లోర్‌లో ఎవరుంటారో తెలీదు.

ఆ రాత్రి మా ఆయనతో ఒక మాట అన్నాను. "మీరు, నేను సంపాదించడానికి వచ్చాం. పిల్లలు అందుకు రాలేదు. మనం డబ్బు గుంటూరులో దాచుకోవచ్చు. వాళ్ల బచ్‌పన్‌ని ఎక్కడ దాచిపెడతాం?" ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "ఇప్పుడు ఊళ్లు తిప్పుతూ కూర్చుంటే ఇల్లెప్పుడు కడతాం?" అన్నారు. ఆ మాటా తప్పు కాదు. అందుకే ఖర్చు లేకుండా మొదలుపెడదాం అనుకున్నాం.

మా మొదటి ప్రయాణం పక్క సందు దాకానే. పొద్దున్నే పాపని ఎత్తుకుని, బాబు చెయ్యి పట్టుకుని తమీస్ తందూర్ దగ్గరికి వెళ్లాం. రొట్టె కాల్చేది ఒక అఫ్ఘానీ పెద్దాయన. నేను అరబీలో ఎట్లా అడగాలా అని గుటకలు మింగుతుంటే ఆయనే ఉర్దూలో "కిత్నీ చాహియే బేటీ?" అన్నాడు. ఏడాదిన్నరగా నేను భయపడిన పరదేశం అదీ! మా బాబు చేతిలో రియాల్ పెట్టి వాడి చేతే ఇప్పించాను. వాడి మొహమంత పెద్ద రొట్టె, వేడిగా, కాగితంలో చుట్టి ఇచ్చాడాయన. పక్కనే పెద్ద జర్రాలోంచి ఫూల్ గిన్నెలో పోయించుకుని ఇంటికొచ్చాం. ఉడికించి మెదిపిన చిక్కుడు గింజల్లాంటివి, పైన జీలకర్ర పొడి, నూనె. మన పప్పుకి దూరపు చుట్టం అనుకోండి. హిజాజ్ వాళ్ల పొద్దుటి నాష్తా అదే. మొదటిరోజు పిల్లలు మూతి తిప్పారు. నెల తిరిగేసరికి ఇడ్లీ కంటే అదే కావాలన్నారు.

తర్వాత బఖాలా. బాబుని ఒక్కణ్ణే కౌంటర్ దగ్గరికి పంపి, నేను తలుపు దగ్గర నిలబడేదాన్ని. వాహిద్, ఇస్నేన్, సలాసా అని లెక్కపెట్టడం వాడక్కడే నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో అజాన్ కాగానే షట్టర్ దించేవారు, అప్పుడు బయట ఆగాలని నేర్చుకున్నాడు. కింది ఫ్లోర్‌లో ఒక సూడానీ కుటుంబం ఉండేది. నాలుగో రోజు ఆవిడ మెట్ల దగ్గర మా పాప బుగ్గ గిల్లి ఏదో అంది. నాకు అర్థం కాలేదు. సాయంత్రం గిన్నెడు హల్వా చేసి పంపాను. గిన్నె ఖాళీగా తిరిగి రాలేదు, నిండా ఖర్జూరాలతో వచ్చింది. ఖాళీ గిన్నె వెనక్కి పంపకూడదని మా నానీమా అంటుండేది. సూడాన్‌లోనూ అదే రివాజని నాకప్పుడే తెలిసింది. మర్నాటి నుంచీ ఆమె పిల్లలు, మా పిల్లలు మెట్ల మీద ఒకే గుంపు. ఆమెకి నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. అయినా మూడేళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నాం.

ఇక్కడ ఒక మష్వరా. పిల్లలతో కొత్త దేశం వెళ్లినవాళ్లు ముందు పెద్ద పెద్ద చోట్లు చూపించాలని తొందరపడొద్దు. ముందు రొట్టెల తందూర్, బఖాలా, పక్కింటి గడప. ఈ మూడూ మనవైతే ఊరు సగం మనదైనట్టే. పిల్లలకి మహల్లా తెలియకుండా మాల్స్ మాత్రమే తెలిస్తే వాళ్లు జెడ్డాలో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా ఒకటే. అన్ని మాల్స్‌లోనూ అవే మెట్లు, అదే పాప్‌కార్న్.

మహల్లా అయ్యాక ఊరు. జుమ్మా రోజు అసర్ నమాజ్ తర్వాత ఒక్కచోటికే వెళ్లాలి, అక్కడ డబ్బు పెట్టి ఏమీ కొనకూడదు అని ఖాయిదా పెట్టుకున్నాం. మా దగ్గర పాత కారొకటి ఉండేది. 2015 చివరిదాకా అక్కడ 91 పెట్రోలు లీటరు 45 హలాలలే. తాగే నీళ్ల బాటిల్ దానికంటే ఖరీదు. తర్వాత రేట్లు పెరిగినా మన దేశంతో పోలిస్తే ఏమంత కాదు. ఇంట్లోంచి పరోటా, ఆలూ ఖుర్మా, ఫ్లాస్కులో చాయ్ కట్టుకునేదాన్ని. చాప ఒకటి డిక్కీలో ఎప్పుడూ ఉండేది.

జెడ్డాలో ఊరికే చూడగలిగేవి చాలా ఉన్నాయి. సముద్రం ఒడ్డున కార్నీష్ పొడవునా పెద్ద పెద్ద శిల్పాలుంటాయి. 1970ల్లో ఊరిని అందంగా తీర్చిదిద్దాలని అప్పటి మేయర్ ప్రపంచమంతటి నుంచీ తెప్పించి పెట్టించినవి. ఊళ్లో ఒక కూడలిలో ఇంటికంటే ఎత్తైన సైకిల్ ఉంటుంది. మా పాప ఆ సైకిల్ ఎవరిదో తెలుసుకోవాలని చాలా పట్టుబట్టింది. రాత్రి పూట కింగ్ ఫహద్ ఫౌంటెన్ సముద్రపు నీళ్లని 250 మీటర్లకి పైగా ఎగజిమ్ముతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. ఎండాకాలం పగలు బయటికి రావడం కుదరదు. ఉక్కపోతకి అబాయా ఒంటికి అతుక్కుపోతుంది. అప్పుడు ఇషా తర్వాత వెళ్లేవాళ్లం. అర్ధరాత్రి దాకా ఒడ్డు మీద చాపలు పరుచుకుని కుటుంబాలు కూర్చుని ఉంటాయక్కడ. మన ఊళ్లలో తిరునాళ్లప్పుడు ఉన్నట్టు ఉంటుంది.

ఒకసారి ఫజర్ తర్వాత చేపల మార్కెట్‌కి వెళ్లాం. హమూర్, నాజిల్, హరీద్. హరీద్ అంటే చిలక ముక్కు చేప. నీలం ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటుంది. మా పాప దాన్ని చూసి "రంగు వేశారా అమ్మీ?" అని అడిగింది. ఎర్రసముద్రం లోపల పగడపు దిబ్బలున్నాయని, ఈ చేప వాటిని కొరికి తింటుందని వాళ్ల అబ్బా చెప్పారు. ఆ పగడంతోనే పాత జెడ్డా ఇళ్లు కట్టారని కూడా చెప్పారు. "ఇల్లు పగడంతో కడతారా?" అని వాడు నమ్మలేదు. సరే పద చూద్దాం అని వచ్చే జుమ్మాకి బలద్ వెళ్లాం.

అల్-బలద్ అంటే పాత ఊరు. 2014లోనే, మేము దిగిన ఏడాదే, యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. మాకు అరగంట దూరంలో ఉన్న ఆ చోటికి వెళ్లడానికి మాకు దాదాపు రెండేళ్లు పట్టింది. పగడపు రాళ్ల గోడలు, వాటి మీద చెక్కతో చేసిన రోషన్ కిటికీలు. లోపలి ఆడవాళ్లకి వీధి కనిపిస్తుంది, వీధిలోవాళ్లకి లోపల కనిపించదు. గాలి మాత్రం ధారాళంగా వెళ్తుంది. ఆ కిటికీలకి టేకు ఇండియా నుంచి కూడా ఓడల్లో వచ్చేదట. నసీఫ్ గారి హవేలీ అక్కడే ఉంది. 1925లో జెడ్డా తన చేతికొచ్చాక కింగ్ అబ్దుల్ అజీజ్ బస చేసిన ఇల్లు. దాని గుమ్మం పక్కన ఒక పెద్ద చెట్టు. నీళ్లకి కటకటగా ఉన్న ఆ రోజుల్లో పాత ఊరు మొత్తానికీ అదొక్కటే చెట్టట. అందుకే దాన్ని "చెట్టున్న ఇల్లు" అనేవాళ్లు.

ఆ చెట్టు ఏమిటో తెలుసా? వేపచెట్టు.

నేను ఆకు తుంచి వాసన చూశాను. మా గుంటూరు ఇంటి వాకిలి వాసన. పిల్లలకి నలిపి చూపించాను, "ఇది వేప. నానీ ఇంటి ముందున్నదీ ఇదే" అని. ఆ తర్వాత అరఫాత్ మైదానంలో వేల వేపచెట్లు చూసినప్పుడు మా పాప కారులోంచి "వేప, వేప" అని అరిచింది. అప్పటికి మా పిల్లల నోట తెలుగు సన్నగిల్లిపోతోంది. ఇంట్లో ఉర్దూ, స్కూల్లో ఇంగ్లీషు, మెట్ల మీద అరబీ. కూర్చోబెట్టి అఆఇఈలు దిద్దిస్తే ఏడ్చేవాళ్లు. బయట తిరిగేటప్పుడు మాత్రం తెలుగు దానంతటదే వచ్చేది. చెట్టు, చేప, కొండ, అల, గవ్వ. కనిపించిన వస్తువుకి పేరు పెట్టడానికి భాష కావాలి కదా. నాలుగ్గోడల మధ్య ఉంటే పేరు పెట్టడానికి ఏముంటుంది?

బలద్‌లోనే వాళ్లకి మా పర్‌నానా సంగతి చెప్పాను. ఆయన హజ్‌కి బొంబాయి నుంచి ఓడలో వచ్చారు. అప్పట్లో హాజీలు దిగేది ఈ జెడ్డా ఒడ్డునే. ఇక్కడి నుంచి బాబ్ మక్కా దాటి మక్కా షరీఫ్‌కి వెళ్లేవాళ్లు. మన దేశం నుంచి హాజీల ఓడలు 1995 దాకా వస్తూనే ఉన్నాయి. "అయితే ఆయన ఈ సందులో నడిచారా?" అన్నాడు బాబు. "నడిచే ఉంటారు" అన్నాను. వాడు కిందకి చూసుకుంటూ మెల్లగా నడిచాడు. అప్పటిదాకా జెడ్డా వాడికి అబ్బా ఉద్యోగం ఉన్న ఊరు. ఆ రోజు నుంచి వాడి పర్‌నానా ఓడ దిగిన ఊరైంది. మేము వెళ్లిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లడం అప్పటి నుంచే మొదలైంది. పిల్లలకి పది చోట్లు ఒక్కోసారి చూపించే కంటే ఒక్కచోటు పదిసార్లు చూపించడం మేలు. నాలుగోసారి వెళ్లినప్పుడు దారి వాళ్లే చూపిస్తారు. అదీ ఊరు వాళ్లదైనట్టు గుర్తు.

అంతా బాగానే జరిగిందని అబద్ధం చెప్పను. ఒక రాత్రి కార్నీష్ మీద మా బాబు తప్పిపోయాడు. చాయ్ పోస్తూ తలెత్తేసరికి లేడు. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో నా నోటికి ఏ దువా కూడా పూర్తిగా రాలేదు. ముందు సముద్రం, వెనక రోడ్డు. నేను నీళ్ల వైపు, ఆయన రోడ్డు వైపు పరిగెత్తాం. చివరికి ఒక యమనీ కుటుంబం వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వాడు ఏడవలేదట. "అనా హిందీ, బైతీ ఫిల్ అజీజియ్యా" అని చెప్పాడట, అంటే నేను ఇండియా వాణ్ణి, మా ఇల్లు అజీజియ్యాలో అని. వాళ్ల అబ్బా ఫోన్ నంబరు సగం చెప్పి సగం మర్చిపోయాడు. పెద్ద సైకిల్ అంత పొడుగు లైటు స్తంభం దగ్గర మా చాప ఉందని చేతులతో చూపించాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక, "అందుకే చెప్పాను, ఇంట్లో ఉంటే ఇదంతా ఉండేదా?" అన్నారు మా ఆయన. నేను జవాబు చెప్పలేదు. ఆయన కోపం భయంలోంచి వచ్చిందని తెలుసు. రెండు రోజులయ్యాక ఆయనే అన్నారు, "ఏడాది కింద తప్పిపోయి ఉంటే వాడు ఏం చెప్పి ఉండేవాడు? లిఫ్టు, ఏసీ అని చెప్పేవాడు." ఊరు తెలియని పిల్లాడు ఊళ్లో భద్రంగా ఉన్నట్టు మనకి అనిపిస్తుంది, అంతే. ఆ తర్వాత బయటికెళ్లిన ప్రతిసారీ ఇద్దరి చేతుల మీదా పెన్నుతో నంబరు రాశాను. మీరూ రాయండి. చదువు వచ్చిన పిల్లలకైనా సరే.

ఇంకా దూరం కూడా వెళ్లాం. తాయిఫ్ కొండలకి, హదా ఘాట్ రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి ఎక్కుతుంటే పాపకి వాంతులు. పైన కోతుల గుంపులు, మెడచుట్టూ జూలున్న మగకోతులు. మన కోతుల్లాగే ఇవీ చేతిలోది లాక్కుపోతాయి. జెడ్డాలో చెమటలు కక్కుతుంటే అక్కడ రాత్రికి శాలువా కావాల్సి వచ్చింది. మార్చి, ఏప్రిల్‌లో అక్కడి తోటల్లో గులాబీలు కోసి అత్తర్ తీస్తారు. అరబ్ దేశమంటే ఇసుక, ఒంటె అని మన ఊళ్లో అనుకుంటాం. అక్కడే ఐదేళ్లున్న మనవాళ్ల పిల్లలు కూడా అట్లాగే అనుకుంటే తప్పెవరిది?

ఇప్పుడు నా మాటకి ఎదురు చెప్పేవాళ్ల సంగతి.

కొందరు అంటారు, "మేము మక్కా మదీనా దగ్గర ఉన్నాం, నెలకోసారి ఉమ్రా చేయిస్తున్నాం, అంతకంటే పిల్లలకి ఏం కావాలి?" అని. అల్హమ్దులిల్లాహ్, అది నసీబ్. కానీ ఉమ్రాకి వెళ్లి, హోటల్లో అన్నం తిని, నిద్రపోతున్న పిల్లల్ని కారులో వేసుకుని రావడమేనా? జియారత్ చేసే నేల మీద మనుషులు కూడా బతుకుతున్నారు. వాళ్ల రొట్టె, వాళ్ల మాట, వాళ్ల కొండలు తెలిస్తే ఆ నేల మీద ప్రేమ తగ్గదు.

కొందరు అంటారు, "దునియాలో మనమంతా ముసాఫిర్లమే, పరదేశంలో దిల్ పెట్టుకోవడమెందుకు?" అని. ముసాఫిర్ అంటే కళ్లు మూసుకుని కూర్చునేవాడని ఎవరన్నారు? ఇబ్నె బతూతా 1325లో టాంజియర్ నుంచి హజ్‌కని బయల్దేరాడు. దారిలో కనిపించిన ప్రతి ఊరినీ, తిండినీ, రివాజునీ చూసుకుంటూ పోయాడు, మన హిందుస్తాన్ దాకా వచ్చాడు. దిల్ పెట్టకుండా చూడటం కుదరదు. సామాను మీద కూర్చున్నవాణ్ణి ముసాఫిర్ అనరు, సామాను కాపలాదారు అంటారు.

డబ్బు మాట మాత్రం నేను కొట్టిపారెయ్యను. ఆరుగురు ఒక గదిలో ఉండి ఇంటికి డబ్బు పంపే భాయీలకి ఈ మాటలు చెప్పడం లేదు. కడప జిల్లా నుంచి కువైట్ ఇళ్లలో పనికెళ్లి, తమ పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి, ఎవరి పిల్లల్నో పెంచే బెహన్లకి అసలే కాదు. వాళ్లు ఫోన్‌లో పిల్లల మొహం చూసుకుని ఏడుస్తారు. పిల్లల్ని పక్కన పెట్టుకుని పరదేశంలో ఉండగలగడం ఎంత పెద్ద నియామత్ అన్నది వాళ్లని అడిగితే తెలుస్తుంది. అంత నియామత్ దొరికినవాళ్లం దాన్ని మూడో అంతస్తులో తాళం వేసి ఉంచితే అది పొదుపు కాదు, నాషుక్రీ.

"ఎప్పుడు పొమ్మంటారో తెలియని చోట ఇల్లు సర్దుకోవడమెందుకు?" అని ఇంకో మాట అంటారు. నిజమే, మాకూ అదే జరిగింది. 2017 జూలై నుంచి సౌదీలో పనిచేసే పరదేశీల కుటుంబాల మీద ఫీజు వచ్చింది. మొదటి ఏడాది మనిషికి నెలకి 100 రియాల్స్, తర్వాత ఏటా 100 చొప్పున పెరుగుతూ 2020కి 400. నేనూ ఇద్దరు పిల్లలూ కలిసి ముగ్గురం. మొదట నెలకి 300, తర్వాత 600, 2019 జూలై నుంచి 900. అదీ ఇఖామా రెన్యువల్ అప్పుడు ఏడాదిదంతా ఒకేసారి కట్టాలి. మా బిల్డింగ్‌లో ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయింది. ప్రతి జుమ్మాకి ఎవరో ఒకరి ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ మెట్ల మీద నుంచి దిగేవి. ముందు కుటుంబాల్ని పంపించి, మగవాళ్లు మళ్లీ గదుల్లోకి చేరారు. 2019 వేసవిలో మా వంతు వచ్చింది.

వెళ్లే ముందు దాచుకున్నదాంట్లోంచి కొంచెం తీసి ఒక పని చేశాం. కొత్తగా వచ్చిన హరమైన్ రైలెక్కి జెడ్డా నుంచి మదీనా వెళ్లాం. గంటకి 300 కిలోమీటర్ల వేగం. మదీనాలో పాత హిజాజ్ రైల్వే స్టేషన్ మ్యూజియం ఉంది. 1908లో డమాస్కస్ నుంచి మదీనాకి రైలొచ్చింది. దానికి ప్రపంచమంతటి ముసల్మాన్లు, మన హిందుస్తాన్ వాళ్లు కూడా చందాలిచ్చారు. పొద్దున కొత్త రైలు, సాయంత్రం పాత ఇంజను. మా బాబు ఆ పాత బోగీని చేత్తో తడిమి చూశాడు.

ఎప్పుడు పొమ్మంటారో తెలియదు కాబట్టి సర్దుకోవద్దని అంటారు వాళ్లు. తెలియదు కాబట్టే తొందరగా సర్దుకోవాలని అంటాను నేను. మేము మొదటి ఏడాదిన్నర పోగొట్టుకున్నాం. ఐదేళ్లలోంచి ఏడాదిన్నర! ఇప్పుడు తలుచుకుంటే ఇల్లు రెండేళ్లు ఆలస్యమైనందుకు బాధ లేదు. ఆ ఏడాదిన్నరకే బాధ.

ఇంకో సంగతి నేను ముందు ఊహించనిది. గుంటూరు వచ్చాక తెలిసింది, మాకు వతన్ అయిన గుంటూరే మా పిల్లలకి పరదేశమని. కరెంటు పోతే బెదిరిపోయారు. స్కూల్లో తెలుగు చదవలేక మా బాబు మూడు నెలలు మూగవాడయ్యాడు. "ఇంటికెప్పుడు వెళ్దాం?" అని పాప అడిగింది. ఆ ఇల్లంటే అజీజియ్యా. అప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ముందు పక్క సందు. ఇడ్లీ బండి దగ్గర బాబు చేత డబ్బులిప్పించడం. తర్వాత జిన్నా టవర్ సెంటర్. ఆ తర్వాత మిర్చి యార్డు, కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే తుమ్ముకుంటూ నవ్వుకుంటూ తిరిగాం. చలికాలంలో కొండవీడు కోట ఎక్కాం. జుమ్మా కాస్తా ఇతవారం అయింది. చాప అదే, ఫ్లాస్కు అదే. ఆరు నెలల తర్వాత బాబు ఇంటికొచ్చిన చుట్టానికి దారి చెబుతుంటే విన్నాను, "టవర్ దగ్గర దిగి, వేపచెట్టున్న సందులోకి రండి" అని.

జెడ్డా నుంచి మేము తెచ్చిన అట్టపెట్టెలు నాలుగు. డిన్నర్ సెట్టులో రెండు ప్లేట్లు దారిలోనే పగిలాయి, మిక్సీ రెండేళ్లకి కాలిపోయింది. కొత్త ఊళ్లో ఎట్లా దిగాలి, ఎట్లా అడగాలి, ఎట్లా మనదిగా చేసుకోవాలి అన్నది మాత్రం పిల్లలు తమతో తెచ్చుకున్నారు. రేపు చదువుకో ఉద్యోగానికో వాళ్లు ఎక్కడికెళ్లినా అది పనికొస్తుంది.

కాబట్టి, ఈ మధ్యే ఏ రియాద్‌కో, షార్జాకో, కౌలాలంపూర్‌కో పిల్లలతో దిగిన భాయీ బెహన్లారా, ఈ జుమ్మాకి ఒక పని చెయ్యండి. మంచం కింద పెట్టె ఒకటి విప్పి అందులోని కొత్త దుప్పటి తీసి మీ పిల్లలకి పరవండి. కిటికీకి కర్టెన్ కట్టండి. అసర్ తర్వాత వాళ్ల చెయ్యి పట్టుకుని పక్క సందు దాకా వెళ్లి రొట్టె కొనుక్కురండి. డబ్బులు మాత్రం వాళ్ల చేతే ఇప్పించండి.

ఖుదా హాఫిజ్.